పోసియ్య పడవకు పొగ మంజూరు

పెమ్మాడి పోసియ్య నలభై ఏళ్ళుగా గోదావరిలో పడవ నడుపుతున్నాడు గానీ, తాను ఈ భూగోళానికి ఎంతో కొంత తగ్గించి ఇవ్వవలసి ఉందన్న సంగతి ఆ అక్టోబరు దాకా ఆయనకు తెలియదు. తెలుసుకోకపోవటం తప్పేనని తరవాత అధికారులు చెప్పారు. పోసియ్య ఒప్పుకున్నాడు. అధికారులు ఏదైనా చెప్పినప్పుడు ఒప్పుకోవటం ఆయనకు మొదటినుంచీ అలవాటు.

పందిరిలంక అనేది గోదావరి పాయ నడుమ, సముద్రానికి నాలుగు మైళ్ళ ఎగువన ఉంది. నలభై మూడు ఇళ్ళు. వంతెన మంజూరై ఇరవై ఏళ్ళయింది, కాబట్టి వంతెన లేదు. లంకలో పాలు బయటికి వెళ్ళాలన్నా, బయటినుంచి టీచరమ్మ లంకలోకి రావాలన్నా, పురిటి నొప్పులొచ్చిన పిల్లని ఆసుపత్రికి చేర్చాలన్నా పోసియ్య పడవే దిక్కు. అది ఆయన తండ్రి దగ్గరుండి కట్టించిన పడవ. కింది కొసకి ఇనప పొన్ను బిగించిన పద్దెనిమిది అడుగుల వెదురు గెడ ఒకటి, లోతు చోట్లకి రెండు తెడ్లు. అంతే ఆయన యంత్రాంగం. ఏ నెలలో ఇసుక ఎక్కడ మేట వేస్తుందో, నడిమధ్యన కూడా గెడ నేలకి ఎక్కడ అందుతుందో ఆయనకు కళ్ళు మూసుకున్నా తెలుసు. తెలియనిదల్లా కాగితాల సంగతి. ఏటేటా వరదలు తగ్గాక అక్టోబరులో రేవు పర్మిట్టు తిరగరాయించుకోవాలి; పర్మిట్టు ఏడాది అప్పటినుంచే లెక్క. పర్మిట్టు లేకుండా రేవులో గెడ వేస్తే పడవ జప్తు చేస్తారు.

ఆ ఏడు పర్మిట్టుకు ఒక కొత్త షరతు తగిలింది. అది యూరప్ నుంచి వచ్చింది.

యూరప్ నుంచి షరతు ఒంటరిగా రాలేదు, బ్రింక్‌మన్ గారు వెంట తెచ్చారు. వాతావరణం గురించి నలభై దేశాల్లో మాట్లాడిన మనిషి. జిల్లా కేంద్రంలో సభ పెట్టి, రేవు పర్మిట్ల వాళ్ళంతా విధిగా హాజరు కావాలన్నారు కాబట్టి పోసియ్య కూడా వెళ్ళి చివరి వరసలో కూర్చున్నాడు. భూమి వేడెక్కిపోవటం గురించిన సభ కనక హాల్లో ఆరు ఏసీలు పెట్టారు. పోసియ్య తువ్వాలు తలకి చుట్టుకుని చలికి ముడుచుకుపోయాడు.

బ్రింక్‌మన్ సన్నగా, పొడుగ్గా, సొంత స్టీలు సీసాలో నీళ్ళు తాగుతూ, చెంచా కూడా సొంత వెదురు చెంచా జేబులో పెట్టుకుని తిరిగే మనిషి. ఆయన ఒక్కో ముక్కా చెబుతుంటే పక్కనుంచి ఒకాయన తెలుగు చేశాడు.

"మా తాతలు బొగ్గు తగలేశారు. ఆ తప్పు నాది. తలవంచి ఒప్పుకుంటున్నాను" అని నిజంగానే తల వంచాడు. "కానీ ఒప్పుకుని ఊరుకుంటే భూమి చల్లబడదు. ఇకమీదట అందరం తగ్గించాలి. బాధ్యతకు బీదా గొప్పా లేదు. మా నాయకులు మీ మీదికి నెడతారు, మీ నాయకులు మా మీదికి నెడతారు. ముప్పై ఏళ్ళుగా ఇదే రాజకీయం. యంత్రానికి రాజకీయం లేదు, మొహమాటం లేదు. కాబట్టి బాధ్యతను కొలిచే పని మనుషుల చేతుల్లోంచి తీసి యంత్రానికి అప్పగిద్దాం. ప్రతి మనిషీ, ప్రతి పనీ, ముప్పై శాతం తగ్గింపు. అంతే!"

చప్పట్లు మోగిపోయాయి. పోసియ్యకు ఆ మనిషి నచ్చాడు. మాట్లాడుతున్నంతసేపూ గొంతు వణికింది. పాపం, వాళ్ళింట్లో ఎవరో పోయినట్టున్నారు, అంత దుఃఖంలోనూ ఇంతదూరం వచ్చాడు అనుకున్నాడు.

వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. జిల్లా వాతావరణ బాధ్యతా విభాగం ప్రాజెక్టు డైరెక్టరు భాస్కరసుందరం గారు దానిమీద సంతకం చేశారు. రేవు పర్మిట్టు కావలసినవాడు గత సంవత్సరపు ఇంధన వినియోగము మీద ముప్పది శాతము తగ్గింపు చూపవలెను, చూపనిచో పర్మిట్టు పునరుద్ధరింపబడదు అని దాని సారాంశం. ట్యాబు పట్టుకుని పోసియ్య దగ్గరికి గ్రామ సచివాలయం ఉద్యోగి సుభాషిణి వచ్చింది. రోజూ ఆయన పడవలోనే లంకకు వచ్చిపోయే పిల్ల.

"బాబాయ్, పోయినేడు ఎన్ని లీటర్లు వాడావ్?"

"ఏం లీటర్లమ్మా?"

"డీజిలో, పెట్రోలో."

"పడవకా? నేనైతే మజ్జిగ తాగుతానమ్మా. పడవేం తాగదు."

సుభాషిణి నవ్వి, గత సంవత్సరం గడిలో సున్నా నొక్కింది. తెర ఎర్రబడింది. 'చెల్లని సమాచారము. ఒకటి గాని, అంతకు మించిన సంఖ్యను గాని నమోదు చేయుడు.' మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఎర్రబడింది. కింద ఈ సంవత్సరం గడిలో నొక్కి చూస్తే సున్నాను కిమ్మనకుండా తీసుకుంది. పైగడి మాత్రం ససేమిరా అంది.

"పోనీ ఒకటి ఏసెయ్యమ్మా, ఎవరు సూడొచ్చేరు?"

"బిల్లు ఫొటో అడుగుద్ది బాబాయ్."

నొక్కీ నొక్కీ ఆ పిల్ల వేలు నొప్పెట్టింది గానీ యంత్రానికి మొహమాటం కలగలేదు. బ్రింక్‌మన్ గారు చెప్పింది నిజమే.

పోసియ్య ఉతికిన చొక్కా వేసుకుని భాస్కరసుందరం గారి ఆఫీసుకి వెళ్ళాడు. ఆ పెద్దమనిషి విసుక్కోలేదు. కూర్చోమన్నాడు కూడా.

"చూడవయ్యా పోసియ్యా, సున్నా అనేది సమాచారం కాదు. సమాచార లోపం. ఇప్పుడు తగ్గించటానికి నీ దగ్గర ఏముంది?"

"ఏం లేదండి."

"చూశావా! ఏమీ లేనివాడు ఏం త్యాగం చేస్తాడు? అవతల సిమెంటు ఫ్యాక్టరీ వారిని చూడు. నూటికి ముప్పై రెండు తగ్గించి చూపారు. కాగితం మీద అయితేనేం, బాధ్యత కనపడుతోంది. నీలో నాకది కనపడటం లేదు."

"మరి నా పర్మిట్టండి? లంకోళ్ళకి ఇంకో పడవ లేదండి బాబూ."

"తగ్గింపు లేనిదే పర్మిట్టు లేదు. అయితే నేనూ మనిషినే. మానవతా దృక్పథంతో ఫైలు పైకి పంపుతాను. అందాకా తాత్కాలికంగా నడుపుకో."

ఫైలు పదిహేడు రోజులు పైకెళ్ళి, పదకొండు రోజులు కిందికొచ్చింది. మోసుకొచ్చిన పథకం పేరు 'ప్రారంభ ఉద్గార సామర్థ్య కల్పన'. ఆ మాటను పోసియ్య రెండుసార్లు అనబోయి మధ్యలో దిగిపోయాడు.

"అంటే ఏటమ్మా?" అన్నాడు సుభాషిణితో.

"ముందు నీకు పొగ ఇస్తారు బాబాయ్. తరవాత నువ్వు దాన్ని తగ్గిస్తావ్."

"ఆళ్ళే ఇచ్చి ఆళ్ళే అట్టుకుపోతారా?"

"ఆ. మధ్యలో నువ్వు సంతకం పెడతావ్."

మూతపడ్డ ఎత్తిపోతల పథకం తాలూకు ఇంజను ఒకటి గోడౌనులో పడి ఉంటే దాన్ని తెచ్చారు. మెకానిక్కు పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇరుసు పోవాలి కనక వెనక చెక్కకి కన్నం పెట్టాలన్నాడు. పోసియ్య వద్దన్నాడు. అధికారులకు అడ్డు చెప్పటం ఆయన జన్మలో అదే మొదలు. కన్నం లేకపోతే ఇంజను లేదు, ఇంజను లేకపోతే పొగ లేదు, పొగ లేకపోతే తగ్గింపు లేదు, తగ్గింపు లేకపోతే పర్మిట్టు లేదు అని మెకానిక్కు వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పాడు. కన్నం తొలిచే బర్మా వెనక చెక్కలోకి దిగుతుంటే పోసియ్య అటు తిరిగి నిలబడ్డాడు. ఆ చెక్క మీద చెయ్యి వేసి నించునేవాడు వాళ్ళ నాన్న. ముసలితనంలో అడ్డమైన వాటికీ ఏడవకూడదనుకున్నాడు గానీ ఏడుపు ఆగలేదు.

మర్నాడు ఆఫీసు బంట్రోతు వచ్చి గెడనీ తెడ్లనీ అడిగాడు. ఇంజనూ గెడా రెండూ వాడితే అది మిశ్రమ పద్ధతి అవుతుందట. దానివల్ల తగ్గింపు లెక్కకి ఆధారమయ్యే కాలం కలుషితమవుతుందట. రసీదు ఇచ్చారు: వెదురు కర్ర ఒకటి, తెడ్లు రెండు. తెడ్లు బీరువా వెనక చేరాయి. గెడతో ఆఫీసు పైకప్పుకి పట్టిన బూజు దులుపుతున్నారని తరవాత సుభాషిణి చెప్పింది.

రెండు నెలలు ఆధార కాలం. రోజుకి పది లీటర్లకు తగ్గకుండా కాల్చాలి. డీజిలు సర్కారువారే పీపాల్లో పంపారు. ఇంజను గొట్టానికి పొగ కొలిచే డబ్బా ఒకటి బిగించారు కాబట్టి ఒలకబోసి చేతులు దులుపుకోవటానికి వీల్లేదు. లంకనుంచి రేవుకీ, రేవునుంచి లంకకీ ఎన్నిసార్లు తిరిగినా మూడు లీటర్లు కాలటమే గగనం. అందుకని మిగతా ఏడు లీటర్లకీ పోసియ్య ఖాళీ పడవ వేసుకుని గోదాట్లో గుండ్రంగా తిరిగేవాడు. గట్టుమీదనుంచి కొత్తవాళ్ళు చూసి ఈయన ఏదో పోగొట్టుకున్నాడు పాపం అనుకునేవారు. పది రోజులకి నోటీసు వచ్చింది. 'తాము విడుదల చేయుచున్న పొగ నిర్దేశిత ప్రమాణమునకు తక్కువగా ఉన్నది. ఇట్టి నిర్లక్ష్యము పునరావృతమైనచో కఠిన చర్యలు తీసుకొనబడును.' పోసియ్య ఇంకో గంట ఎక్కువ తిరిగాడు.

అసలే ఇంజను బరువు. ఇరవై మంది ఎక్కే పడవలో పన్నెండు మందికి మించి ఎక్కటానికి లేకపోయింది. ఆ చప్పుడుకి గేదెలు రేవులో దిగటం మానేశాయి. వలలు వేసేవాళ్ళు చేపలు పై లంకలకి వలస పోయాయన్నారు. కన్నం దగ్గర నీరు ఊరుతుంటే ఆయన భార్య నూకరత్నం తన పాత చీరలు ఒక్కొక్కటే చింపి కుక్కింది.

"ఇదిగో, నిన్ను మనువాడిన కాణ్ణించీ నీ ఒంటి మీద చేపల కంపు భరించేను" అంది ఆమె ఒకరోజు అన్నం పెడుతూ. "అది మనిషి కంపు. ఇదేటి, లారీకి అన్నం పెట్టినట్టుంది నాకు!"

"పర్మిట్టు కోసవే. రెండు నెల్లు ఓర్సుకో."

"నేనోర్సుకుంటాను. పడవ ఓర్సుకోద్దా?"

పోసియ్య గబగబా రెండు ముద్దలు మింగి, కన్నం దగ్గర ఊరిన నీరు తోడటానికి వెళ్ళాడు.

ఒక్క పడవతో ప్రాజెక్టుకు పేరు రాదని భాస్కరసుందరం గారికి ఈలోపు తోచింది. లంకలో మిగతా నలభై రెండు ఇళ్ళలోనూ తగ్గించటానికి ఏమీ లేదని సర్వేలో తేలింది. పిడకల పొయ్యి యాప్ జాబితాలో లేదు. వెనకబాటుతనం ఇంతగా పేరుకుపోయిన ఊరు జిల్లాలో ఇంకొకటి లేదని ఆయన నివేదిక రాసి, ఇంటికొక జనరేటరు మంజూరు చేయించారు. రోజుకి నాలుగు గంటలు నడపాలి. దేనికి తగిలించాలన్నది ఆర్డరులో లేదు. వెంకాయమ్మ మామ్మ తన జనరేటరును ఉత్తినే వేసి, దాని పక్కన చెవుల్లో దూది పెట్టుకుని విస్తళ్ళు కుట్టుకునేది. పందిరిలంక మీద పొగ పట్టిన మబ్బు ఒకటి నిలిచిపోయింది. అవతల గట్టువాళ్ళు దాన్ని చూసి లంక బాగా అభివృద్ధిలోకి వచ్చిందని అసూయపడ్డారు.

జనవరిలో తగ్గింపు దినం ఖాయమైంది. బ్రింక్‌మన్ గారు దానికోసమని మళ్ళీ విమానం ఎక్కి వచ్చారు. నడిగోదావరిలో ఇంజను ఆపటం, రాజధానిలో కూర్చున్న పెద్దలు దాన్ని తెరమీద చూసి చప్పట్లు కొట్టటం కార్యక్రమం. ముహూర్తం పదకొండు గంటలు.

"ఆ రోజు పదిన్నరకి ఆటు తగులుద్దండి" అన్నాడు పోసియ్య. "నీరు సముద్రంకేసి లాగేత్తాదండి. తొమ్మిదింటికి పెట్టుకోండి బాబూ."

భాస్కరసుందరం గారు డైరీ తిరగేశారు. "ఆటుపోట్లు మన శాఖ కిందకి రావు. పెద్దలు పదకొండు గంటలకే ఖాళీ."

పదకొండింటికి పడవ నడిమధ్యకు చేరింది. అందులో భాస్కరసుందరం గారు, బ్రింక్‌మన్, ఆయన మాట తెలుగు చేయటానికి సుభాషిణి, వీడియో తీసే మనిషి, ఇంకో నలుగురు అధికార్లు, ఇంజను పక్కన పోసియ్య. మధ్యలో బంతిపూలు చుట్టిన వెదురు కర్రకి 'నూరు శాతం తగ్గింపు' అని రాసిన గుడ్డ కట్టి నిలబెట్టారు. ముప్పై చాలదని, చేసేదేదో నిండుగా చేద్దామని ప్రాజెక్టు డైరెక్టరు గారి పట్టుదల.

"మానవాళి చరిత్రలో ఈ పడవ విసర్జించే చివరి పొగను మీరు చూస్తున్నారు" అని ఆయన ఫోనులో కనబడే పెద్దలకు చెప్పి, తన చేత్తోనే ఇంజను ఆపేశారు.

రెండు నెలల తరవాత మళ్ళీ మొదటిసారి పోసియ్యకు నీటి చప్పుడు వినపడింది. కొంగ అరిచింది. పడవ చెక్కకి కెరటం తట్టుకుంటోంది. బ్రింక్‌మన్ కళ్ళు మూసుకుని, "ఈ నిశ్శబ్దం! ఇది మనం సాధించాం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు అయ్యేసరికి రేవు వెనక్కి పోయింది. కాసేపటికి రేవులోని కొబ్బరిచెట్లు కూడా వెనక్కి పోయాయి.

"పడవ ఎటు పోతోందయ్యా?" అన్నారు భాస్కరసుందరం గారు.

"సముద్రానికండి."

"తిప్పు మరి!"

"ఇంజనేద్దాం అంటారా?"

"వద్దు! ప్రత్యక్ష ప్రసారం అవుతోంది. వేస్తే తగ్గింపు రద్దవుతుంది."

"పోనీ నా గెడ ఇప్పించండి."

"నీ గెడ ఆఫీసు అధీనంలో ఉంది. గడువు ముగియందే విడుదల చేయటానికి నాకు అధికారం లేదు" అన్నారాయన. ఆ మాట అంటూనే పడవ అంచు రెండు చేతులా పట్టుకున్నారు. అధికార్లలో ఒకాయన బూట్లు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. కన్నం దగ్గర చీరపేలికలు ఊడి నీళ్ళు లోపలికి రావటం మొదలైంది. దూరాన సముద్రపు హోరు వినపడుతోంది. పోసియ్యకు తన ప్రాణం మీద అంత బెంగ లేదు. ఈదగలడు. బెంగల్లా పడవ పోతుందేమోననే. అది పోతే లంకా లేదు, రేవూ లేదు, తానూ లేడు.

దిక్కు తోచక గుడ్డ కట్టిన కర్రకేసి చూశాడు. అడుగున ఇనప పొన్ను. మూడో కణుపు దగ్గర వాళ్ళ నాన్న కత్తితో పెట్టిన గాటు.

"ఓరి నీ! నువ్విక్కడున్నావా?" అన్నాడు పైకే.

ఒక్క గుంజు గుంజేసరికి గెడ చేతికొచ్చింది. బంతిపూలు, తగ్గింపు గుడ్డ వచ్చి ప్రాజెక్టు డైరెక్టరు గారి మీద పడ్డాయి. ఆ సమయంలో గెడ నేలకందేది ఆ పాయలో ఒక్కచోటే, కుడివైపు మునిగిన ఇసుక మేట అంచున. పోసియ్య పడవ ఆ పక్కకి వచ్చేదాకా ఓపిక పట్టి గెడ వేశాడు. అందింది. వేసి, వీపు విల్లులా వంచి తోశాడు. మళ్ళీ వేశాడు. తోశాడు. అరవై రెండేళ్ళ మనిషి ఆటుకు ఎదురు తోస్తుంటే తక్కినవాళ్ళు కాళ్ళు పైకెత్తుకుని కూర్చున్నారు. సుభాషిణి ఒక్కతే వంగి చేతుల్తో నీళ్ళు తోడిపోసింది.

పడవ మేట వెనక నిమ్మళమైన నీళ్ళలోకి వచ్చాక బ్రింక్‌మన్ ఊపిరి పీల్చుకున్నాడు. గెడని చూస్తూ, "అద్భుతం! ఈ సాంకేతికత ఎవరిది?" అన్నాడు.

"మా ప్రాజెక్టుదే" అన్నారు భాస్కరసుందరం గారు గుడ్డలోంచి.

బ్రింక్‌మన్ ఆయన్ని వదిలేసి పోసియ్యనే అడిగాడు. సుభాషిణి ఉన్నదున్నట్టు ఇటూ అటూ చెప్పింది.

"ఇది మీరు ఎన్నాళ్ళుగా వాడుతున్నారు?"

"మా తాత కాణ్ణించండి."

"మరి ఈ ఇంజను?"

"అదా, అది తవఁరిప్పించిందేనండి. ఏదో ఒకటి తగ్గించాలన్నారు గదండి. నా కాడ లేదని సెప్పి ఆళ్ళే అంటగట్టేరు."

దొర మొహం తెల్లగా ఉండేదల్లా ఇంకా తెల్లబోయింది. పోసియ్యకు జాలేసింది. మాట మార్చటానికి, "అంతదూరం నించి రావాలంటే ఇమానం ఎంత ఆయిలు తాగుద్దండి?" అని అడిగాడు.

బ్రింక్‌మన్ అబద్ధం ఆడే మనిషి కాదు. "నా ఒక్కడి వంతుకి రానూ పోనూ ఆరు వందల లీటర్లు. ఈ ప్రాజెక్టు కోసం రెండుసార్లు వచ్చాను. అందుకు ప్రాయశ్చిత్తంగా ఎక్కడో మొక్కలు నాటిస్తాను" అన్నాడు తలవంచి.

"పన్నెండొందలా!" అన్నాడు పోసియ్య. "పోన్లెండి, మీరు మాత్రం ఏం సేత్తారు. ఈదుకుంటా రాలేరు గదా."

గట్టెక్కాక బ్రింక్‌మన్ పోసియ్య రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన పశ్చాత్తాపం పడుతున్నాడని అందరికీ అర్థమైంది. ఇక ఈ పిచ్చి పథకం ఆపమంటాడని సుభాషిణి ఆశపడింది. "ఇది నాకు గొప్ప గుణపాఠం. దీనిమీద వెంటనే అంతర్జాతీయ సదస్సు జరగాలి" అన్నాడాయన.

సదస్సు సముద్రం అవతల జరిగింది. భాస్కరసుందరం గారు విమానంలో వెళ్ళి ప్రసంగించి వచ్చారు. లంక నుంచి ఇంజనూ, నలభై రెండు జనరేటర్లూ పోయాయి, గోదావరికి చేపలు తిరిగొచ్చాయి. పోసియ్యకు పర్మిట్టు వచ్చింది, రసీదు చూపించి, మళ్ళీ ఆఫీసుకి చేరిన గెడనీ, తెడ్లనీ తెచ్చుకున్నాడు. కన్నానికి వడ్రంగి చేత చెక్క బిరడా వేయించాడు. నాన్న కట్టించిన పడవకి మచ్చ మిగిలింది గానీ కారటం లేదు. మిగతా అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. చిక్కల్లా అక్కడే వచ్చింది.

మళ్ళీ అక్టోబరు వచ్చింది. సుభాషిణి ట్యాబు పట్టుకుని పడవలో కూర్చుంది.

"బాబాయ్, మళ్ళీ ముప్పై శాతం తగ్గించాలంట."

"మనకాడేముందమ్మా? అప్పుడే తీసుకుపోయేరు గదా."

"అదే. ఆ డీజిలు ఒకసారి తగ్గించేశాం కాబట్టి మళ్ళీ తగ్గించటానికి పనికిరాదంట. పోయినేడు సున్నా. వేస్తే ఎర్రబడుతోంది." ఆ పిల్ల తెరని ఇటు తిప్పి చూపించింది. "వచ్చేవారం ఇంజను పంపుతున్నారు బాబాయ్. ఈసారి పెద్దది. కన్నం కూడా పెద్దది పెట్టాలన్నారు."

పోసియ్య గెడ మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. పడవలో మజ్జిగ చెంబుతో వచ్చిన నూకరత్నం బిరడా వేసిన చెక్క మీద చెయ్యి పెట్టి, "ఈసారి బర్మా దింపితే ముందు నాలోంచి దింపమను" అంది. ఆమె వేళాకోళానికి అనలేదు.

పోసియ్య గడ్డం ఎత్తి, "అమ్మా, ఆ దొర పోయినేడు ఎందుకొచ్చేడు?" అన్నాడు.

"నీ పడవ కోసమే కదా బాబాయ్."

"నా పడవ సూడ్డానికి ఆయన పన్నెండొందల లీటర్లు తగలేసేడు. మరది నా పడవ తాగినట్టా కాదా?"

సుభాషిణి ట్యాబు మీదనుంచి తలెత్తింది.

"అది ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు గదా. పాపం, ఆళ్ళ కాడ ఎవరూ రాయరులా ఉంది. నా పేరున ఏసెయ్. ఆయన మోయలేకపోతే నేను మోత్తాను. ఈ ఏడు ఆయన వచ్చేడా?"

"లేదు."

"అయితే కింద గడిలో సున్నా ఎట్టు."

బిల్లు ఫొటో అడిగింది. ప్రాజెక్టు ఫైల్లో దొరగారి టిక్కెట్టు కాగితాలు రెండూ భద్రంగా ఉన్నాయి. 'ఇతరములు' అనే వరసలో పన్నెండు వందలు నొక్కింది సుభాషిణి. కింద సున్నా. యంత్రం ఒక క్షణం ఆలోచించి పచ్చబడింది. 'నూరు శాతము తగ్గింపు. అభినందనలు.' ఇంజను ఆర్డరు దానంతట అదే రద్దయింది. సుభాషిణి పడవలో ఎగిరి గంతేసింది. నూకరత్నం చెంబు ఎత్తి గటగటా తాగేసింది, మొగుడికి తెచ్చిన మజ్జిగ అని కూడా మరిచిపోయి.

పది రోజులకి సుభాషిణి పరుగెత్తుకుంటూ రేవులోకి వచ్చింది. జిల్లా మొత్తమ్మీద అంత తగ్గింపు ఇంకెవరూ చూపలేదట. సిమెంటు ఫ్యాక్టరీ వారు కూడా. ఆ విజయ రహస్యం అధ్యయనం చేసి, పోసియ్యకు స్వయంగా శాలువా కప్పటానికి బ్రింక్‌మన్ గారు బయలుదేరి వస్తున్నారట. ఈసారి ఒంటరిగా కాదు, పదకొండు మంది నిపుణుల బృందంతో.

"ఇప్పుడెలా బాబాయ్? నిజం తెలిస్తే కొంప మునుగుతుంది. వద్దని రాయించనా?"

"ఆగమ్మా" అంది నూకరత్నం. గట్టుమీద కూర్చుని వల అల్లుకుంటున్న ఆమె అప్పటికే వేళ్ళు ముడుస్తోంది. "లంకలో ఇంటింటికీ తగ్గించాలని ఆర్డరొచ్చింది గదా. పైయేటికి తగ్గించటానికి వెంకాయమ్మత్తకీ ఓ దొర కావాలి, అవతలి పాకోళ్ళకీ కావాలి. ఇంటికో దొరని రాసుకుంటే నలభై మూడు ఇళ్ళు. బ్రింకు దొరతో కలిపి వచ్చేది పన్నెండుగురు. ఇంకా ముప్పై ఒక్కడు తక్కువ."

పోసియ్య భార్యకేసి మెచ్చుకోలుగా చూశాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ లెక్క ఎన్నడూ తప్పలేదు.

"రమ్మని రాయమ్మా" అన్నాడు సుభాషిణితో. "మిగతా ముప్పై ఒక్కమందినీ కూడా ఎంటబెట్టుకు రమ్మను. ఒకే ఇమానంలో ఇరుక్కోవద్దు, ఎవరికాళ్ళు సుబ్బరంగా వేరే ఇమానాల్లో రమ్మను. ఇమానం దిగాక మాత్రం భయపడొద్దను, రేవు దాటించటానికి పొగరాని పడవుందని సెప్పు."

అవతల రేవులోంచి పాలవాళ్ళు కేకేస్తున్నారు. పోసియ్య వస్తున్నానని కేకేసి, గెడ తీసి నీళ్ళల్లో వేశాడు.